లినక్స్‌లో ఫైలుకి తగిలించిన ఆట్రిబ్యూట్ల జాబితా తీయడం: సిస్టమ్ కాల్ నుంచి పెన్ డ్రైవ్ దాకా

నల్గొండ పక్కనే ఉన్న పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం ఫొటోలు తీసి ఒక ఫోల్డర్లో పెట్టుకున్నారనుకోండి. ఏ ఫొటో ఏ గుడిది, శాసనం ఏ వైపు ఉంది, ఎప్పుడు తీసింది, ఇదంతా ఫైలు పేరులోనే కుక్కితే పేరు బారెడవుతుంది, వేరే ఎక్సెల్ షీటులో రాసుకుంటే నాలుగు నెలలకి ఫొటోలు ఒక చోట, షీటు ఒక చోట తేలతాయి. లినక్స్‌లో దీనికి ఇంకో దారి ఉంది. ఫైలు లోపలి డేటా ముట్టుకోకుండా, ఆ ఫైలుకే పేరు, విలువ అనే జతలు తగిలించొచ్చు. వీటినే ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లు అంటారు.

తగిలించడం ఈజీ. ఏమేం తగిలించి ఉన్నాయో అడిగి తెలుసుకునే దగ్గరే తిరకాసు. జాబితా ఖాళీగా వచ్చిందంటే నిజంగానే ఏమీ లేకపోవచ్చు, ఉన్నా మీకు చూసే హక్కు లేకపోవచ్చు, లేదా ఆ డిస్కుకి ఈ ఆట్రిబ్యూట్ల సంగతే తెలియకపోవచ్చు. మూడు సందర్భాల్లోనూ కెర్నల్ (లినక్స్ మూల ప్రోగ్రాము) అదే సున్నా ఇస్తుంది, ఎర్రర్ ఏమీ చెప్పదు. జాబితా తీసే ప్రోగ్రాములు ఎక్కువగా తప్పుదోవ పట్టేది ఈ సున్నా దగ్గరే, అందుకే దాని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

సి భాషలో పాయింటర్, మాలాక్ అంటే తెలిసి ఉంటే చాలు. సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రాము కెర్నల్‌ని ఏదైనా అడిగే పిలుపులు) పేర్లు, కమాండ్లు, ఎర్రర్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. "ఎక్స్‌యాటర్" అని నేను రాసిన చోటల్లా ఎక్స్, ఎ, టి, టి, ఆర్ అనే ఐదు అక్షరాలు. ఎర్రర్ల పేర్లు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటాయి, వాటి పక్కన నంబర్లు కూడా ఇస్తున్నాను కాబట్టి తికమక ఉండదు.

ముందు పేర్ల సంగతి

ప్రతి ఆట్రిబ్యూట్ పేరు నాలుగు ఇంటిపేర్లలో ఒకదానితో మొదలవ్వాలి: యూజర్, ట్రస్టెడ్, సెక్యూరిటీ, సిస్టమ్. ఇంటిపేరు, చుక్క, తర్వాత మీకు నచ్చిన పేరు. ఇంటిపేరు లేకుండా ఉత్తగా పేరు పెడితే కెర్నల్ తీసుకోదు.

మనలాంటి మామూలు వాళ్లకి పనికొచ్చేది యూజర్ ఒక్కటే. అది కూడా మామూలు ఫైళ్ల మీద, ఫోల్డర్ల మీద మాత్రమే పనిచేస్తుంది, సింబాలిక్ లింకు (వేరే ఫైలుకి దారి చూపే ఫైలు) మీద పెట్టబోతే ఈపర్మ్, అంటే 1వ నంబరు ఎర్రర్ వస్తుంది. సెక్యూరిటీ అనేది కెర్నల్ భద్రతా మాడ్యూళ్లది, ఫెడోరాలో దాదాపు ప్రతి ఫైలు మీదా ఎస్ఈలినక్స్ అనే మాడ్యూల్ లేబుల్ ఇక్కడే కూర్చుని ఉంటుంది. సిస్టమ్ కింద ఏసీఎల్ అనుమతులు (ఒక్కో యూజర్‌కి విడిగా ఇచ్చేవి) ఉంటాయి, ఎల్ఎస్ మైనస్ ఎల్ కొట్టినప్పుడు అనుమతుల చివర కూడిక గుర్తు కనిపిస్తే అక్కడ ఏసీఎల్ ఉన్నట్టు. ఇక ట్రస్టెడ్ పూర్తిగా రూట్ (అడ్మిన్ యూజర్) వ్యవహారం. సిస్ అడ్మిన్ సామర్థ్యం (మామూలుగా రూట్‌కి ఉండే అధికారం) లేని ప్రాసెస్‌కి ట్రస్టెడ్ పేర్లు జాబితాలో కూడా కనిపించవు. డాకర్ వాడేవాళ్లు ఓవర్‌లే (ఫోల్డర్లని పొరలుగా పేర్చే ఫైల్ సిస్టమ్) పై పొర ఉన్న ఫోల్డర్ని రూట్‌గా చూస్తే ట్రస్టెడ్ పేర్లు తగులుతుంటాయి, అవే పేర్లు మామూలు యూజర్‌కి కనిపించవు. ఒకే ఫైలు, ఇద్దరు అడిగితే రెండు జవాబులు.

కొలతలు కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ఇంటిపేరుతో కలిపి పేరు 255 బైట్లు దాటకూడదు, విలువ 64 కేబీ దాటకూడదు, ఒక ఫైలు మీద ఉన్న పేర్ల జాబితా మొత్తం కూడా 64 కేబీ దాటకూడదు. ఇవి కెర్నల్ పై పొర పెట్టిన హద్దులు, కింద ఫైల్ సిస్టమ్ హద్దులు ఇంకా ఇరుకు. మన ఉబుంటులో మామూలుగా ఉండే ఈఎక్స్‌టీ4 అయితే, ప్రత్యేక ఫీచర్ ఆన్ చేస్తే తప్ప, ఒక ఫైలు ఆట్రిబ్యూట్లన్నీ ఐనోడ్‌లో (ఫైలు వివరాలు ఉండే రికార్డులో) మిగిలిన కాస్త జాగాలోనూ ఒక్క బ్లాకులోనూ పట్టాలి. బ్లాకు సాధారణంగా 4096 బైట్లు. తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో 3 బైట్లు తింటుంది, ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్క. అంటే సుమారు 1,300 సంకేతాలకే గోడ తగులుతుంది. శాసనం పాఠం మొత్తం ఆట్రిబ్యూట్‌లో పెట్టేద్దామని ప్లాన్ ఉంటే ఇప్పుడే మానుకోండి.

పరీక్షకి ఒక ఫైలు తయారు చేసుకోండి

ముందు ఆట్ర్ అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకోండి (ఎ, టి, టి, ఆర్). దానితో సెట్‌ఎఫ్‌యాటర్, గెట్‌ఎఫ్‌యాటర్ అనే రెండు కమాండ్లు వస్తాయి. హోమ్ ఫోల్డర్లో ఏదో ఒక ఫొటో పెట్టి, సెట్‌ఎఫ్‌యాటర్‌కి మైనస్ ఎన్ తర్వాత పేరు, మైనస్ వి తర్వాత విలువ, చివర ఫైలు పేరు ఇచ్చి మూడు తగిలించండి:

యూజర్.ఊరు, విలువ పానగల్
యూజర్.గుడి, విలువ ఛాయా సోమేశ్వరాలయం
యూజర్.తేదీ, విలువ 2023-02-18 (ఆ ఏడాది శివరాత్రి)

యూజర్, చుక్క ఇంగ్లీషులో కొట్టి, చుక్క తర్వాతది నిజంగానే తెలుగులో కొట్టండి. పని చేస్తుంది. కెర్నల్‌కి పేరంటే బైట్ల వరుస, అది ఏ భాషో దానికి పట్టదు.

ఇప్పుడు లెక్క చూడండి. "యూజర్." అంటే ఇంగ్లీషులో 5 బైట్లు. "ఊరు"లో మూడు సంకేతాలు, 9 బైట్లు. పేరు చివర కెర్నల్ ఒక సున్నా బైటు పెడుతుంది. మొత్తం 15. "గుడి"కి 18, "తేదీ"కి 18. కలిపితే 51. ఈ 51 గుర్తుంచుకోండి, కాసేపట్లో సిస్టమ్ కాల్ నోటి నుంచి ఇదే అంకె రావాలి. ఫెడోరా లాంటి ఎస్ఈలినక్స్ ఉన్న మెషిన్ మీదైతే సెక్యూరిటీ.ఎస్ఈలినక్స్ అనే పేరు (16 అక్షరాలు, ఒక సున్నా) కలిసి 68 వస్తుంది.

ఇదంతా పరీక్ష కోసమే. నిజం పనిలో నా సలహా, పేర్లు ఇంగ్లీషులో, విలువలు తెలుగులో పెట్టుకోండి. కారణం ఉంది. ఐత్వం గుణింతాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయొచ్చు, రెండు సంకేతాలు కలిపీ రాయొచ్చు, కంటికి రెండూ ఒకటే. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కనిపించని అక్షరం ఒకటి దూరుస్తాయి, అది ఇంకో 3 బైట్లు. కెర్నల్ ఇవేవీ సర్దదు, బైటుకి బైటు పోల్చుకుంటుంది. మీ లాప్‌టాప్‌లో కొట్టిన పేరుని పాలమూరులో ఉన్న మీ ఫ్రెండు ఫోన్ కీబోర్డుతో కొడితే దొరకలేదని వస్తుంది, ఇద్దరూ స్క్రీన్ చూసి అన్నీ కరెక్టుగానే ఉన్నాయి కదా అని పరేషాన్ అవుతారు.

ఏ కాల్ పిలవాలి

మూడు ఉన్నాయి. లిస్ట్‌ఎక్స్‌యాటర్ ఫైలు దారి తీసుకుంటుంది, దారి చివర సింబాలిక్ లింకు ఉంటే దాని వెంట వెళ్లి అసలు ఫైలుని చూస్తుంది. ముందు ఇంకో ఎల్ చేర్చిన ఎల్‌లిస్ట్‌ఎక్స్‌యాటర్ లింకు దగ్గరే ఆగిపోతుంది. ముందు ఎఫ్ చేర్చిన ఎఫ్‌లిస్ట్‌ఎక్స్‌యాటర్‌కి దారి అక్కర్లేదు, ఇప్పటికే తెరిచి ఉన్న ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకి కెర్నల్ ఇచ్చే నంబరు) ఇస్తే చాలు. ఈ మూడూ లినక్స్ 2.4 కాలం నుంచి ఉన్నాయి. సిస్ ఫోల్డర్లోని ఎక్స్‌యాటర్ హెడర్ ఫైలు కలుపుకుంటే చాలు, వేరే లైబ్రరీ లింక్ చేయక్కర్లేదు.

మూడింటికీ మూడేసి ఇన్‌పుట్లు: ఎవరి గురించి (దారి లేదా డిస్క్రిప్టర్), పేర్లు పోయడానికి బఫర్, ఆ బఫర్ సైజు. తిరిగి వచ్చేది బైట్ల లెక్క, పేర్ల లెక్క కాదు. ఫెయిలైతే మైనస్ 1, కారణం ఎర్‌నో అనే వేరియబుల్‌లో ఉంటుంది. తిరిగి వచ్చే విలువని గుర్తు ఉన్న రకంలోనే, అంటే ఎస్‌సైజ్‌టీలోనే పట్టుకోండి. గుర్తు లేని సైజ్‌టీలో వేస్తే మైనస్ 1 కాస్తా ఊహకందని పెద్ద సంఖ్య అయిపోయి, మాలాక్‌కి అంత మెమరీ అడుగుతారు.

గ్లిబ్‌సీని (సి ప్రోగ్రాములు మామూలుగా వాడే లైబ్రరీని) దాటి నేరుగా కెర్నల్‌ని పిలిచి చూడాలన్న సరదా ఉంటే, 64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషిన్ల మీద ఈ మూడింటి నంబర్లు 194, 195, 196. రాస్ప్‌బెర్రీ పై లాంటి 64 బిట్ ఆర్మ్ మీద 11, 12, 13. ఇంటెల్ మీద అసెంబ్లీలో రాస్తే ఆర్ఏఎక్స్‌లో నంబరు, ఆర్డీఐలో దారి, ఆర్ఎస్ఐలో బఫర్, ఆర్డీఎక్స్‌లో సైజు. ఎర్‌నో అనేది గ్లిబ్‌సీ ఏర్పాటు, కెర్నల్‌కి అది తెలియదు. నేరుగా అడిగితే మైనస్ 34 లాంటి అంకె ఆర్ఏఎక్స్‌లోనే వస్తుంది.

మూడింట్లో ఏది? ఫోల్డర్లు తిరుగుతూ ఒక్కొక్క ఫైలు చూసే ప్రోగ్రాముకి ఎల్‌లిస్ట్‌ఎక్స్‌యాటర్ మంచిది, ఎందుకంటే లింకు వెంట పడితే ఒకే ఫైలు రెండు సార్లు లెక్కలోకి వస్తుంది, తెగిపోయిన లింకు దగ్గర ఈనోఎంట్ (2, అంటే ఫైలు లేదని) వచ్చి ఆగుతుంది. యూజర్ ఒక ఫైలు పేరు చేతికిచ్చి "దీని మీద ఏమున్నాయి" అని అడిగితే లిస్ట్‌ఎక్స్‌యాటర్. ఫైలు ఎలాగూ తెరిచే ఉంటే ఎఫ్ ఉన్నది, మధ్యలో ఎవరైనా ఫైలు పేరు మార్చేసినా మీరు పట్టుకున్న ఫైలు మారదు.

ముందు సైజు అడగండి, తర్వాతే బఫర్

మొదటి పిలుపులో సైజు 0 ఇవ్వండి. బఫర్ చోట నల్ ఇచ్చినా ఫర్వాలేదు. కెర్నల్ ఏమీ రాయకుండా, ఎన్ని బైట్లు కావాలో మాత్రం చెబుతుంది. మన ఫైలుకి 51. వడ్లు ఎన్ని ఉన్నాయో అడిగి, దానికి తగ్గ బస్తా తెచ్చుకున్నట్టు. అంత మాలాక్ చేసి, ఈసారి నిజం బఫర్, నిజం సైజు ఇచ్చి రెండోసారి పిలవండి.

ఈ రెండు పిలుపుల మధ్య ఇంకో ప్రోగ్రాము వచ్చి నాలుగో ఆట్రిబ్యూట్ తగిలించి పోవచ్చు. అప్పుడు 51 చాలదు, ఈరేంజ్ (34) వస్తుంది. వచ్చినప్పుడు బఫర్లో సగం జాబితా ఉంటుందని ఆశ పడకండి, అందులో ఏముందో దానికి హామీ లేదు. బఫర్ వదిలేసి, మళ్లీ సైజు అడిగి, మళ్లీ తెచ్చుకోండి. అంటే ఇది రెండు లైన్ల పని కాదు, లూపు. ఇంటర్నెట్‌లో దొరికే చాలా ఉదాహరణల్లో ఈ లూపు ఉండదు, ఒక్కసారి ఈరేంజ్ రాగానే ప్రోగ్రాము చచ్చిపోతుంది. రివర్స్‌లో కూడా జరగొచ్చు, మధ్యలో ఒకటి తీసేస్తే రెండో పిలుపు 51 కంటే తక్కువ చెబుతుంది. కాబట్టి బఫర్ చదివేటప్పుడు రెండో పిలుపు చెప్పిన అంకె వరకే చదవాలి, మొదటి పిలుపు అంకెని అక్కడే మర్చిపోండి.

ఇంకో పద్ధతి ఉంది, నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. జాబితా 64 కేబీ దాటదని కెర్నలే చెబుతోంది కాబట్టి, మొదట్లోనే 65536 బైట్ల బఫర్ ఒకటి తీసుకుని, వేల ఫైళ్లకి అదే తిప్పి తిప్పి వాడండి. ఫైలుకి ఒక్క పిలుపే, లూపు గొడవ లేదు. కింద ఫైల్ సిస్టమ్ దగ్గర అంతకంటే పెద్ద జాబితా ఉంటే ఈటూబిగ్ (7) వస్తుంది, దానికి మీరు చేయగలిగింది కూడా ఏమీ లేదు, ఆ ఫైలు పేరు రాసుకుని ముందుకి పోండి. చిన్న మెమరీ ఉన్న బోర్డు మీద రాస్తుంటే మాత్రం రెండు పిలుపుల దారే పట్టాలి.

బఫర్ విప్పడం

బఫర్లో పేర్లు ఒకదాని వెనక ఒకటి, ప్రతి దాని చివర సున్నా బైటుతో ఉంటాయి. దీన్ని మామూలు స్ట్రింగ్ అనుకుని ప్రింట్ చేస్తే మొదటి పేరు ఒక్కటే కనిపిస్తుంది, మిగతావి సున్నా వెనక ఉండిపోతాయి. పద్ధతి ఇది: పాయింటర్‌ని బఫర్ మొదట్లో పెట్టండి, అక్కడున్న పేరు ప్రింట్ చేయండి, ఆ పేరు పొడవుకి 1 కలిపి పాయింటర్ని అంత ముందుకి జరపండి, వచ్చిన మొత్తం బైట్లు అయ్యేదాకా ఇదే. చివర రెండు సున్నాలు కలిపి వస్తాయని కొందరు ఎదురు చూస్తారు, అలాంటిదేమీ రాదు, బైట్ల లెక్కే మీకు హద్దు.

పేర్లు ఏ వరుసలో వస్తాయన్నదానికి పద్ధతి లేదు. మీరు తగిలించిన వరుస కాదు, అక్షర క్రమమూ కాదు, ఒక ఫైల్ సిస్టమ్ నుంచి ఇంకోదానికి మారొచ్చు కూడా. నిన్నటి జాబితాతో ఇవాళ్టిది పోల్చాలంటే మీరే సార్ట్ చేసుకోవాలి.

పేర్లు వచ్చాయి, విలువలు?

లిస్ట్ కాల్ పేర్లు మాత్రమే ఇస్తుంది. విలువ కావాలంటే పేరు పేరుకీ గెట్‌ఎక్స్‌యాటర్ పిలవాలి, దానికీ ఎల్, ఎఫ్ రకాలున్నాయి. జాబితా ఎల్‌తో తీస్తే విలువలూ ఎల్‌తోనే తీయండి, లేకపోతే లింకు పేర్లు, అసలు ఫైలు విలువలు కలగాపులగం అవుతాయి. సైజు 0 ఇచ్చి ముందు కొలత అడిగే పద్ధతి ఇక్కడా అదే.

తేడా ఎక్కడంటే, విలువ చివర సున్నా ఉంటుందన్న హామీ లేదు. "పానగల్" అంటే ఆరు సంకేతాలు, 18 బైట్లు, సరిగ్గా 18 బైట్లే వస్తాయి. ప్రింట్ చేసేముందు 19 బైట్ల బఫర్ తీసుకుని చివర సున్నా మీరే పెట్టుకోవాలి. ఎస్ఈలినక్స్ లేబుల్ లాంటివాటికి చివర సున్నా వస్తుంది కూడా, కాబట్టి ఉంటుందనీ అనుకోవద్దు, ఉండదనీ అనుకోవద్దు. పొడవు ఎక్కువైతే తెలుగు విలువని మధ్యలో నరికి చూపించేటప్పుడు ఒక సంకేతం పూర్తయిన చోటే ఆపండి, లేకపోతే చివర ప్రశ్నార్థకం డబ్బా కనిపిస్తుంది. జాబితాలో చూసిన పేరు మీరు విలువ అడిగేలోపు మాయమైతే ఈనోడేటా (61) వస్తుంది, అది ప్రమాదం కాదు, దాటేసి పోండి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి. పేర్ల జాబితా తీయడానికి ఫైలు మీద చదివే అనుమతి అక్కర్లేదు, ఆ ఫైలు ఉన్న ఫోల్డర్ల గుండా నడిచే అనుమతి ఉంటే చాలు. యూజర్ ఆట్రిబ్యూట్ విలువ చదవాలంటే మాత్రం చదివే అనుమతి ఉండాలి, లేకపోతే ఈయాక్సెస్ (13). అంటే మీరు లాక్ చేశామనుకున్న ఫైలు మీది పేర్లు అదే మెషిన్ వాడే వేరేవాళ్లకి కనిపిస్తాయి. రహస్యం ఏదైనా పేరులో పెట్టకండి.

ఆ సున్నా

ఇప్పుడు అసలు విషయం. మన ఫొటో ఉన్న ఫోల్డర్ని పెన్ డ్రైవ్ మీదికి కాపీ చేసి, అక్కడి కాపీ మీద లిస్ట్‌ఎక్స్‌యాటర్ పిలవండి. పెన్ డ్రైవ్ మామూలుగా ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంటుంది, వాటికి ఆట్రిబ్యూట్లు దాచుకునే చోటే లేదు. మాన్ పేజీలో (కాల్ మాన్యువల్‌లో) సపోర్టు లేకపోతే ఈనాట్‌సప్ (95) వస్తుందని రాసి ఉంటుంది కాబట్టి 95 కోసం చూస్తారు. రాదు. 0 వస్తుంది.

కారణం కెర్నల్ లోపల ఉంది. ఫైల్ సిస్టమ్ తన సొంత జాబితా ఫంక్షన్ ఇవ్వకపోతే కెర్నల్ ఎర్రర్ ఇవ్వదు, భద్రతా మాడ్యూల్‌ని "నీ దగ్గర ఏమైనా పేర్లున్నాయా" అని అడిగి, అది చెప్పిందే మీకు చెబుతుంది. ఎస్ఈలినక్స్ లేని ఉబుంటులో దాని జవాబు 0. అందుకే ఆట్రిబ్యూట్లు లేని ఈఎక్స్‌టీ4 ఫైలు, ఆట్రిబ్యూట్లే తెలియని పెన్ డ్రైవ్ ఫైలు, జాబితా కాల్‌కి ఒకేలా కనిపిస్తాయి.

విడదీయడానికి ఒక చిట్కా. 0 వచ్చిన ఫైలు మీద గెట్‌ఎక్స్‌యాటర్‌తో మీరు ఎప్పుడూ పెట్టని పేరు ఏదైనా అడగండి, యూజర్.లేనిపేరు అనుకోండి. 61 వస్తే ఆ డిస్కుకి ఆట్రిబ్యూట్లు తెలుసు, ఈ ఫైలు మీద ఆ పేరు లేదంతే. 95 వస్తే ఆ డిస్కు మీద యూజర్ ఆట్రిబ్యూట్లకి చోటు లేదు, జాబితా సున్నాకి అర్థం లేదు. 13 వస్తే చదివే అనుమతి లేదు, ఏదీ తేల్చలేరు. ఫైలుకి ఒకసారి కాకుండా డిస్కుకి ఒకసారి అడిగితే సరిపోతుంది, స్టాట్ కాల్ ఇచ్చే డివైజ్ నంబరు మారినప్పుడల్లా మళ్లీ అడగండి.

స్లాష్ టెంప్ ఫోల్డర్లో పరీక్ష చేసేవాళ్లకి ఇంకో సంగతి. చాలా సిస్టమ్స్‌లో అది టెంప్‌ఎఫ్ఎస్, అంటే మెమరీలో ఉండే డిస్కు. దానికి యూజర్ ఆట్రిబ్యూట్ల సపోర్టు లినక్స్ 6.6లోనే వచ్చింది. పాత కెర్నల్ మీద అక్కడ సెట్ చేస్తే 95 వస్తుంది, మీ కోడ్‌లో తప్పుందేమోనని వెతుక్కోకండి. ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద పంచుకునే డిస్కు) షేర్ల మీద యూజర్ ఆట్రిబ్యూట్లు లినక్స్ 5.9 నుంచి ఉన్నాయి, అదీ 4.2 ప్రోటోకాల్‌తో మౌంట్ చేస్తేనే. కాలేజీ ల్యాబ్‌లో హోమ్ ఫోల్డర్లు పాత ఎన్ఎఫ్ఎస్ మీద ఉంటే ఇంట్లో పని చేసిన ప్రోగ్రాము అక్కడ మొండికేస్తుంది.

మూడో రకం సున్నా, ట్రస్టెడ్ పేర్లది. దానికి చిట్కా లేదు. మీరు రూట్ కాకపోతే అవి ఉన్నాయో లేవో తెలుసుకునే దారి లేదు, కాబట్టి ప్రోగ్రాము రిపోర్టులో "ఆట్రిబ్యూట్లు లేవు" అని కాకుండా "ఈ యూజర్‌కి కనిపించేవి లేవు" అని రాయించండి.

ఫోల్డర్ మొత్తం తిరిగేటప్పుడు

ప్రతి ఫైలుకీ పూర్తి దారి కట్టి ఎల్‌లిస్ట్‌ఎక్స్‌యాటర్ పిలిస్తే సరిపోతుంది, చిన్న పనులకి అంతకు మించి ఆలోచించక్కర్లేదు. అదే సర్వర్ మీద, వేరేవాళ్లు మార్చగలిగే ఫోల్డర్లో, రూట్‌గా నడిచే ప్రోగ్రాము అయితే దారి మధ్యలో ఎవరైనా ఫోల్డర్ తీసి లింకు పెట్టొచ్చు. అప్పుడు ఓపెన్‌యాట్‌తో (ఫోల్డర్ డిస్క్రిప్టర్ పట్టుకుని దాని లోపలి ఫైలు తెరిచే కాల్‌తో) తెరిచి ఎఫ్‌లిస్ట్‌ఎక్స్‌యాటర్ వాడాలి. ఓ పాత్ ఫ్లాగ్‌తో (డేటా చదవకుండా ఫైలు చోటు మాత్రం పట్టుకునేది) తెరిచిన డిస్క్రిప్టర్ దానికి ఇస్తే ఈబ్యాడ్‌ఎఫ్ (9) వస్తుంది. దానికి పాత మార్గం, ప్రాక్ ఫోల్డర్లోని సెల్ఫ్, ఎఫ్‌డీ కింద ఆ డిస్క్రిప్టర్ నంబరు దారిని లిస్ట్‌ఎక్స్‌యాటర్‌కి ఇవ్వడం.

2025 జనవరిలో వచ్చిన లినక్స్ 6.13 దీనికి నేరు దారి వేసింది. లిస్ట్‌ఎక్స్‌యాటర్‌యాట్ అనే కొత్త కాల్, నంబరు 465. ఫోల్డర్ డిస్క్రిప్టర్, దాని లోపలి పేరు, లింకు వెంట వెళ్లాలా వద్దా అనే ఫ్లాగ్, అన్నీ ఒకే కాల్‌లో. పాత కెర్నల్ మీద ఈనోసిస్ (38) వస్తుంది, అప్పుడు పాత దారికి మళ్లేలా రాసుకోండి.

సరిచూసుకోవడం

మీ ప్రోగ్రాము 51 చెప్పిందా? గెట్‌ఎఫ్‌యాటర్‌తో పోల్చండి, కానీ దానికో అలవాటుంది, మామూలుగా యూజర్ పేర్లే చూపిస్తుంది. అన్నీ కావాలంటే మైనస్ ఎం, ఖాళీ, మైనస్ అని ఇవ్వాలి. విలువలు కూడా కావాలంటే మైనస్ డి. తెలుగు విలువలు చూపించినప్పుడు సున్నా, ఎస్‌తో మొదలయ్యే గజిబిజి అక్షరాలు వస్తే డేటా పాడైందని టెన్షన్ పడకండి. ఇంగ్లీషు కాని బైట్లు ఎక్కువుంటే అది బేస్64లోకి మార్చి చూపిస్తుంది. మైనస్ ఈ, టెక్స్ట్ అని ఇస్తే పానగల్ పానగల్‌లాగే కనిపిస్తుంది.

కెర్నల్‌తో నిజంగా ఏం మాట్లాడుతోందో చూడాలంటే మీ ప్రోగ్రాముని ఎస్‌ట్రేస్ (సిస్టమ్ కాల్స్ చూపించే కమాండ్) కింద నడపండి. సైజు 0తో ఒక పిలుపు, 51తో ఒక పిలుపు వరుసగా కనిపించాలి. గెట్‌ఎఫ్‌యాటర్‌ని కూడా ఒకసారి అలాగే నడిపి చూడండి, పుస్తకం చదివినదానికంటే ఎక్కువ అర్థమవుతుంది.

సి రాసే ఓపిక లేకపోతే పైథాన్ 3.3 నుంచి ఓఎస్ మాడ్యూల్‌లోనే లిస్ట్‌ఎక్స్‌యాటర్ ఉంది, లినక్స్ మీద మాత్రమే. బఫర్, ఈరేంజ్ లూపు అన్నీ అదే చూసుకుని పేర్ల లిస్టు చేతిలో పెడుతుంది. ఫాలో సిమ్‌లింక్స్ ఫాల్స్ అంటే ఎల్ రకం. విలువలు బైట్లుగా వస్తాయి, యూటీఎఫ్-8గా డీకోడ్ మీరే చేసుకోవాలి. పైన చెప్పిన పెన్ డ్రైవ్ సున్నా మాత్రం పైథాన్‌లోనూ అలాగే ఖాళీ లిస్టుగా వస్తుంది.

మ్యాక్‌లో పేరు అదే అయినా నాలుగో ఇన్‌పుట్ ఆప్షన్స్ ఉంటుంది, ఎల్ రకం బదులు నోఫాలో అనే ఆప్షన్ ఇవ్వాలి, ఇంటిపేర్ల నియమం లేదు. ఫ్రీబీఎస్డీలో కాల్ పేరే వేరు, ఎక్స్‌ట్‌యాటర్ లిస్ట్ ఫైల్, అందులో పేరు చివర సున్నా ఉండదు, ప్రతి పేరు ముందు దాని పొడవు ఒక బైటులో ఉంటుంది. లినక్స్ కోడ్ తీసుకెళ్లి అక్కడ పెడితే చెత్త ప్రింట్ అవుతుంది.

ఒక జాగ్రత్త. జాబితాలో మీరు పెట్టని యూజర్.ఎక్స్‌డీజీ.ఆరిజిన్.యూఆర్ఎల్ లాంటి పేరు కనిపించొచ్చు. డౌన్‌లోడ్ చేసిన ప్రోగ్రాము ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందో రాసి పెట్టింది. డబ్ల్యూగెట్ 1.20.1కి ముందు వెర్షన్లలో యూఆర్ఎల్‌లో పాస్‌వర్డ్ ఉంటే అది కూడా ఇందులో పడిపోయేది, 2018లో దీనికి భద్రతా లోపంగా సీవీఈ నంబరు కూడా ఇచ్చారు. ఫైళ్లు ఇంకొకరికి ఇచ్చేముందు జాబితా తీసి చూడడానికి ఇదొక్కటి చాలు కారణం.

నల్గొండ నుంచి పాలమూరుకి పంపేటప్పుడు

ఉత్త సీపీ కొడితే ఆట్రిబ్యూట్లు రావు, మైనస్ పి ఇచ్చినా రావు, మైనస్ ఎ ఇవ్వాలి. ఆర్‌సింక్‌లో మైనస్ ఎ సరిపోదు, పెద్ద ఎక్స్ కూడా కలపాలి. పైథాన్ షటిల్ మాడ్యూల్‌లో కాపీ2 అయితే తెస్తుంది, కాపీ తేదు. అవతల ఉన్నది పెన్ డ్రైవ్ అయితే ఇవేవీ పనికిరావు.

దానికి రెండు దారులు. ఒకటి, ఫోల్డర్ మొత్తాన్ని టార్‌లో కట్టడం, కట్టేటప్పుడూ విప్పేటప్పుడూ మైనస్ మైనస్ ఎక్స్‌యాటర్స్ ఇవ్వాలి. ఆట్రిబ్యూట్లు టార్ ఫైలు లోపల ఉంటాయి కాబట్టి పెన్ డ్రైవ్ ఏదైనా ఫర్వాలేదు, ఫ్యాట్32 అయితే ఒక్క ఫైలు 4 జీబీకి లోపు ఉండాలన్నదే షరతు.

రెండోది నాకు ఇష్టమైనది, ఎందుకంటే చివర చేతిలో చదవగలిగే టెక్స్ట్ ఫైలు మిగులుతుంది. ఫొటోల ఫోల్డర్ లోపలికి వెళ్లి, గెట్‌ఎఫ్‌యాటర్‌కి పెద్ద ఆర్, మైనస్ డి, చుక్క ఇచ్చి, అవుట్‌పుట్ ఒక ఫైలులోకి మళ్లించండి. ఫొటోలతో పాటు ఆ ఫైలూ పెన్ డ్రైవ్‌లో వేసివ్వండి. అవతలివాళ్లు ఫొటోలు తమ ఈఎక్స్‌టీ4 డిస్కు మీదికి తీసుకున్నాక, అదే ఫోల్డర్ లోపల నిలబడి సెట్‌ఎఫ్‌యాటర్‌కి మైనస్ మైనస్ రిస్టోర్ ఈక్వల్స్ అని ఆ ఫైలు పేరు ఇస్తే అన్నీ తిరిగి అతుక్కుంటాయి, బేస్64 రూపంలో ఉన్న తెలుగు విలువలతో సహా. లోపల దారులు మీరు నిలబడిన చోటు నుంచి లెక్క, కాబట్టి వేరే ఫోల్డర్ నుంచి నడిపితే ఫైలు లేదని వరుసగా ఎర్రర్లు వస్తాయి. అయిపోయాక ఒక ఫొటో మీద మీ ప్రోగ్రాము మళ్లీ నడపండి, 51 రావాలి, అవతల ఫెడోరా అయితే 68.